మనోధర్మం ఎక్కడ నేర్పుతారు? తంజావూరు నుంచి మన పాట క్లాసు దాకా

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. తీరిగ్గా చదవండి.

పోయిన త్యాగరాజ ఆరాధన రోజు మన హాల్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాం. ఆ రోజు పాడిన పిల్లల్లో పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె ఉంది. సరళి వరిశలు మొదలు వర్ణాల దాకా శ్రద్ధగా నేర్చుకుంది. 72 మేళకర్తల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. కృతి చాలా చక్కగా పాడింది. నెరవల్ దగ్గరికి వచ్చేసరికి రెండు ఆవర్తాలు పాడి ఆగిపోయింది. మృదంగం వాయిస్తున్న పెద్దాయన మెల్లగా తాళం చూపిస్తూ కాచుకున్నారు. వయొలిన్ అందుకుని ఎలాగో గట్టెక్కించింది. తరువాత పక్కకు పిలిచి అడిగితే ఆ పిల్ల ఒకే మాట చెప్పింది: "రాగం తెలుసు, తాళం తెలుసు. ఆ లైనులో ఏ మాట ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు."

ఆమె నోటుబుక్కు తీసి చూశాం. తెలుగు కృతి, తమిళ లిపిలో, స్వరాల కింద అక్షరం అక్షరంగా విరిచి రాసి ఉంది. ఇంట్లో అవ్వతో తెలుగులోనే మాట్లాడే పిల్ల అది. కానీ ఆ నోటుబుక్కులో ఉన్నది తన ఇంటి భాషే అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ తప్పు పిల్లది కాదు, పాట నేర్పినవారిదీ కాదు. "పిల్లలు రావడం లేదు" అని మన హాల్లో ఆదివారం తెలుగు క్లాసు ఆపేసింది మనమే.

అందుకే సంగీతంలో శాస్త్రం ఎలా నేర్చుకున్నారు, అప్పటికప్పుడు సొంతంగా పాడడం ఎలా నేర్చుకున్నారు, అందులో మన భాషకు ఉన్న పాత్ర ఏమిటి అని ఒకసారి వెనక్కి వెళ్లి చూద్దాం అనుకున్నాం.

మన పెద్దలు ఈ విద్యకు రెండు కాళ్లు అనేవారు. ఒకటి లక్షణం, అంటే శాస్త్రం. రెండోది లక్ష్యం, అంటే పాడి చూపించేది. లక్ష్యంలో గురువు నేర్పింది నేర్పినట్టు పాడే భాగం ఒకటి, తనంతట తాను అప్పటికప్పుడు అల్లుకునే భాగం ఇంకొకటి. ఆ రెండోదాన్నే మనోధర్మం అంటాం. రాగాలాపన, తానం, నెరవల్, కల్పనస్వరం అన్నీ అందులోవే.

ఈ లక్షణాన్ని ఒక పద్ధతికి తెచ్చిన చోటు తంజావూరు. 1532లో సేవప్ప నాయకుడితో అక్కడ నాయక రాజ్యం మొదలైంది. ఆస్థానంలో తెలుగు వెలిగింది. అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకుల కాలం దాకా, అంటే 1673 వరకు, ఆ కోటలో తెలుగు కావ్యం, తెలుగు యక్షగానం, తెలుగు పదం పుట్టాయి. మువ్వ నుంచి వెళ్లిన క్షేత్రయ్యను ఆదరించింది విజయరాఘవుడే. మనలో చాలామంది ముత్తాతల ముత్తాతలు ఈ నేలకు వచ్చింది ఆ విజయనగర, నాయక కాలాల్లోనే.

అక్కడ మంత్రిగా ఉన్న గోవింద దీక్షితులు కన్నడం వారు. ఆయన కొడుకు వేంకటమఖి విజయరాఘవ నాయకుడి కాలంలో సంస్కృతంలో చతుర్దండీ ప్రకాశిక రాశాడు. దాని పేరులోనే మనకు కావలసిన పాఠం ఉంది. చతుర్దండి అంటే నాలుగు స్తంభాలు: గీతం, ప్రబంధం, ఠాయం, ఆలాపం. మొదటి రెండూ కట్టిన పాటలు. ఠాయమంటే ఒక స్వరాన్ని నిలయంగా పెట్టుకుని దాని చుట్టూ రాగాన్ని అల్లడం. ఆలాపమంటే రాగాన్ని మొదటి నుంచి చివరి దాకా విప్పడం. అంటే శాస్త్రగ్రంథం రాసినవాడే తన భవనంలో సగం బరువును మనోధర్మం మీద నిలబెట్టాడు.

అదే గ్రంథంలో 72 మేళాల లెక్క ఉంది. లెక్క చాలా సులువు. స్థాయిలో సా, పా కదలవు. మధ్యమం రెండు రకాలు. రి, గ కలిసి ఆరు జంటలు, ధ, ని కలిసి ఆరు జంటలు. ఆరు ఆరుల ముప్పై ఆరు, రెండు మధ్యమాలతో డెబ్బై రెండు. తన కాలంలో వాడుకలో ఉన్న మేళాలు 19 మాత్రమేనని వేంకటమఖే చెప్పాడు. మిగిలిన వాటికి అప్పటికి పాట లేదు, కాగితం మీద చోటు మాత్రం ఉంది. ఆ ఖాళీ గదుల్లోకి తరువాతి వాగ్గేయకారులు ఒక్కొక్కరే దీపం పట్టుకుని వెళ్లారు.

ఇప్పుడు మన పిల్లలు వల్లించే కనకాంగి, రత్నాంగి వరుస తరువాత కాలంలో స్థిరపడింది. అందులో కటపయాది అనే చమత్కారం ఉంది. రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలకు అంకెలు వేసి తిరగేస్తే మేళం సంఖ్య వస్తుంది. క నుంచి తొమ్మిది అక్షరాలకు 1 నుంచి 9, ట నుంచి తొమ్మిదింటికి మళ్లీ 1 నుంచి 9, ప నుంచి మ దాకా 1 నుంచి 5, య నుంచి హ దాకా 1 నుంచి 8. ఞ, న సున్నాలు. మాయామాళవగౌళలో మ 5, య 1. 51 తిరగేస్తే 15. ఖరహరప్రియలో ఖ 2, ర 2; 22. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిరగేస్తే 29.

ఇక్కడే మన పిల్లల నోటుబుక్కు కథ వస్తుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధ లకూ అంతే. ఖరహరప్రియను ఆ లిపిలో చూసి లెక్క వేస్తే ఖ కాస్తా క అవుతుంది. 12 తిరగేస్తే 21, అది కీరవాణి. ధీరశంకరాభరణంలో ధ కాస్తా త అవుతుంది. 62 తిరగేస్తే 26, అది చారుకేశి. ఈ చిక్కు తెలిసినవారు తమిళ పుస్తకాల్లో అక్షరాల పక్కన చిన్న అంకెలు వేస్తారు. పిల్లల నోటుబుక్కుల్లో ఆ అంకెలు ఉండవు. తెలుగు అక్షరమాల వచ్చిన పిల్లకు కటపయాది ఆట. రాని పిల్లకు 72 పేర్లూ బట్టీ పట్టాల్సిన జాబితా.

లక్షణం రాగానికి చిరునామా ఇస్తుంది. ఆ ఇంట్లో ఎలా మసలుకోవాలో చెప్పదు. దానికి భైరవిని మించిన ఉదాహరణ లేదు. మేళం లెక్కలో భైరవి 20వ మేళానికి చెందుతుంది, ఆ మేళంలో ఉన్నది శుద్ధ ధైవతం. కానీ పైకి వెళ్లేటప్పుడు భైరవి చతుశ్శ్రుతి ధైవతం పలుకుతుంది, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. ఎక్కడ ఏది, ఎంత ఊపుతో అన్నది పట్టిక చూసి నేర్చుకునేది కాదు. 18వ శతాబ్దంలో తంజావూరులో ఉన్న పచ్చిమిరియం ఆదిప్పయ్య భైరవిలో అట తాళ వర్ణం కట్టాడు. ఈ రోజుకీ భైరవి ఆలాపన నేర్చుకునేవారిని గురువులు ఆ వర్ణం దగ్గరికే పంపుతారు. దానిలో ఒక్కో వరుసా ఒక్కో దారి. ఆ దారుల్లో పదిసార్లు నడిచినవాడికి పదకొండోసారి సొంత దారి కనిపిస్తుంది. ఆదిప్పయ్య శిష్యుడే శ్యామశాస్త్రి (1762–1827). భైరవిలోనే ఆయన కట్టిన స్వరజతి కూడా అలాంటి పాఠమే.

మనోధర్మాన్ని ఆ కాలంలో ఎంత విలువగా చూసేవారో చెప్పే కథ ఒకటి మన పెద్దల నోట ఉంది. తంజావూరు మరాఠా రాజుల ఆస్థానంలో తోడి సీతారామయ్య అనే గాయకుడు ఉండేవాడు. చేతిలో డబ్బు లేక షావుకారు దగ్గర అప్పు చేసి, తాకట్టుగా తోడి రాగాన్నే పెట్టాడట. అప్పు తీరేదాకా తోడి పాడకూడదు. రాజు తోడి పాడమంటే పాడలేకపోయాడు. కారణం తెలిసి రాజే అప్పు తీర్చి రాగాన్ని విడిపించాడని చెబుతారు. శంకరాభరణం నరసయ్య గురించి కూడా ఇలాంటి కథే ఉంది. కథలో ఎంత నిజమో పక్కన పెట్టండి. ఒక మనిషి ఆలాపనను నగ లాగ, పొలం లాగ తాకట్టు పెట్టుకోదగిన ఆస్తిగా ఆ ఊరు భావించింది.

అలాగే బొబ్బిలి కేశవయ్య కథ. ఊరూరా తిరిగి విద్వాంసులను పల్లవిలో ఓడిస్తూ తంజావూరు వచ్చాడని, శ్యామశాస్త్రి అతనికి అందని తాళంలో పల్లవి పాడి గెలిచాడని చెబుతారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు విద్వాంసుడికి కావేరి గట్టున ఎదురు నిలిచినాయన తెలుగులోనే ఎక్కువగా కృతులు కట్టినాయన. భాష ఒకటే, పోటీ మాత్రం లెక్కలో, ఊహలో.

త్యాగరాజస్వామి (1767–1847) ఈ విద్యకు ఇంకొక తలుపు తెరిచారు. తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో జీవించిన ఆయన, ములకనాటి తెలుగు కుటుంబం వారు. సొంఠి వేంకటరమణయ్య దగ్గర నేర్చుకున్నారు. ఆయన కృతుల్లో సంగతులు చూడండి. ఒకే మాటల వరుసను మొదట సాదాగా, తరువాత కొంచెం పెంచి, ఇంకా పెంచి పాడతాం. మాట మారదు, భావం లోతు మారుతుంది. ఒక విధంగా అది కట్టి ఇచ్చిన మనోధర్మమే. పది సంగతులు ఉన్న పల్లవిని సరిగా నేర్చుకున్న పిల్లకు నెరవల్ ఎలా పెరగాలో త్యాగరాజే నేర్పినట్టు.

గురుకులంలో మనోధర్మానికి వేరే క్లాసు ఉండేది కాదు. మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) మహారాజు పంపగా తిరువయ్యారుకు వెళ్లి పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గర నేర్చుకున్నారు. ఆ రోజుల్లో శిష్యుడంటే గురువు ఇంట్లో ఉండి, పనులు చేసి, కచేరిలో వెనక కూర్చుని తంబురా మీటి వినాల్సిందే. విన్నది లోపల ఇంకి, ఒక రోజు గొంతులోంచి తనంతట తాను వచ్చేది. వాసుదేవాచార్యులు తరువాత తెలుగులో, సంస్కృతంలో కృతులు రాశారు. మన కర్ణాటక సభ్యులకు ఈ సంగతి గర్వంగా ఉంటుంది.

గురుకులాలు తగ్గిపోతాయని ముందే గ్రహించినవారు పుస్తకాలు వేశారు. 1859లో వీణ రామానుజయ్య సంగీత సర్వార్థ సార సంగ్రహం వచ్చింది. తరువాత మద్రాసులో తచ్చూరు సింగరాచార్యులు సోదరులు స్వరమంజరి, గాయక పారిజాతం వంటి పాఠ్యపుస్తకాలు తెలుగులో వరుసగా అచ్చు వేశారు. అన్నిటికీ తలమానికం 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని.

ఎట్టయపురం ఎక్కడ? తిరునెల్వేలి దిక్కున, మన కంబళత్తు నాయకుల సంస్థానం, సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు. అక్కడ ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు (1839–1906) తన ముసలితనంలో ఈ పని తలకెత్తుకున్నారు. ఆయన వెంటపడి రాయించినవారు చిన్నస్వామి మొదలియార్, తమిళ క్రైస్తవులు. ఖర్చు భరించింది సంస్థానం. పుస్తకం తెలుగులో. ఒక్కో రాగానికి లక్షణం, గీతం, తానం, కీర్తన, చివర సంచారి. గమకాలకు వేరు వేరు గుర్తులు కూడా పెట్టారు. ఆ సంచారి అంటే ఏమిటి? ఈ రాగం ఏ దారుల్లో తిరుగుతుందో స్వరాల్లో రాసి చూపించడం. అంటే ఆలాపన నేర్చుకునేవాడి కోసం గురువు తన మనోధర్మాన్ని కాగితం మీద పెట్టి వెళ్లడం. తరువాత మద్రాసు మ్యూజిక్ అకాడమీ దాన్ని తమిళ లిపిలో తెచ్చింది, అది చాలామందికి ఉపకారం. కానీ ఎట్టయపురం సంస్థానం అచ్చు వేసిన మూలం మన అక్షరాల్లో ఉంది. ఆ ఊరికి బస్సులో వెళ్లి వచ్చేంత దూరంలో ఉండే మన పిల్లలకు దాని అట్ట మీద పేరు చదవడం రాదు.

ఇప్పుడు మళ్లీ ఆ నెరవల్ దగ్గరికి వద్దాం. నెరవల్‌లో సాహిత్యం ఒక వరుస తీసుకుంటాం. మాటలు తాళంలో దాదాపు అవే చోట్ల నిలుస్తాయి, రాగం మాత్రం ప్రతిసారీ కొత్తగా అల్లుతాం. ఏ కృతినీ ఎత్తకుండా మేమే ఒక మామూలు వాక్యం తీసుకుంటాం: "చెట్టుకు నీరు పోయవే చెల్లీ". అర్థం తెలిసిన పిల్ల "నీరు" దగ్గర నిలుస్తుంది, "పోయవే" అని బతిమాలుతుంది, "చెల్లీ" అని పిలుస్తుంది. పైస్థాయికి వెళ్లాలంటే ఆ పిలుపు దగ్గర వెళ్లాలని ఆమెకు ఎవరూ చెప్పక్కరలేదు. అర్థం తెలియని పిల్ల నోటుబుక్కులో అది "చెట్టు, కునీ, రుపో, యవే" అని ఉంటుంది. "కునీ" దగ్గర ఎంత బాగా గమకం వేసినా ఏం లాభం? వినేవారికి ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ పిల్ల ఆగిపోవడమే నయం. తప్పు విరిచి పాడేకంటే మౌనం మేలని ఆమె చెవికి తెలిసింది.

కల్పనస్వరంలో మాటల బదులు స్వరాలు, వాటితో పాటు లెక్క. ఇది పిల్లలు ఇష్టపడే భాగం. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రలు, మొత్తం 32. ముగింపులో ఒకే స్వర గుంపును మూడుసార్లు పాడి ఎత్తుగడకు చేరాలి. పది మాత్రల గుంపు, ఒక మాత్ర విరామం, మళ్లీ పది, ఒకటి, పది: 32. ఎనిమిది, నాలుగు, ఎనిమిది, నాలుగు, ఎనిమిది: అదీ 32. పాట ఒకటిన్నర అక్షరం తరువాత ఎత్తుకుంటే ఆరు మాత్రలు కలపాలి, 38. అప్పుడు పన్నెండు, ఒకటి, పన్నెండు, ఒకటి, పన్నెండు. పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టి సొంతంగా కనిపెట్టమనండి. మొదట లెక్క వినిపిస్తుంది, ఆరు నెలలకు పాట వినిపిస్తుంది. కానీ లెక్క ముగిసి ఎత్తుగడలో వచ్చి పడేది ఒక మాట మీద. ఆ మాట తెలియకపోతే గమ్యం తెలియని ప్రయాణమే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ సంగీతం మన ఒక్కరిదే అని మేము అనడం లేదు. మొదటి పాఠాలు ఏర్పరచినవాడుగా పేరుపొందిన పురందరదాసు కన్నడం. సంగీత సారామృతం రాసిన తుళజ మహారాజు మరాఠీ. ఆలాపన అంటే ఏమిటో వీధిలో నిలబడి గంటల తరబడి వినిపించిన తిరువావడుదురై రాజరత్నం పిళ్లై తమిళం. త్యాగరాజ కృతుల రాతప్రతులను కాపాడిన వాలాజపేట వేంకటరమణ భాగవతర్ సౌరాష్ట్రం. తిరువయ్యారులో స్వామి సమాధికి గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ నంజనగూడులో పుట్టి, తెలుగు నేర్చుకుని, 1910లో ముద్దుపళని కావ్యాన్ని అచ్చు వేయించింది. పరాయి ఇంట పుట్టి ఆమె అంత నేర్చుకుంటే, తెలుగు ఇంట పుట్టిన మన పిల్లలకు అ ఆ లు రావడం లేదు.

1940లలో తమిళ ఇశై ఉద్యమం వచ్చినప్పుడు మన పెద్దల్లో కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు చూస్తే వారి కోరికలో ఒక న్యాయం ఉంది. పాడేవాడికీ వినేవాడికీ మాట అర్థం కావాలన్నారు. అదే న్యాయం మన ఇంటికీ వర్తిస్తుంది. పొరుగువారు తమ భాషలో పాట కావాలన్నారు. పాట మన భాషలోనే ఉన్న మనం అర్థం పోగొట్టుకున్నాం.

ఆ అమ్మాయి కథ అక్కడితో ముగియలేదు. ఇంటికి వెళ్లాక వాళ్ల అవ్వ ఆ కృతి వరుసను ఇంటి మాటల్లో విడమరచి చెప్పిందట. "ఇదేనా! మనం రోజూ అనేదే కదా" అందట పిల్ల. మరుసటి వారం క్లాసులో అదే వరుసకు ఆరు ఆవర్తాలు నెరవల్ పాడింది. గొప్పగా కాదు, తడబడుతూనే. కానీ ఒక్క మాటా తప్పు చోట విరవలేదు. ఆ అవ్వకు రాగం పేరు తెలియదు. ఆ రోజు పాట టీచరూ ఆవిడే.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము ఒక తీర్మానం పెడుతున్నాం. ఆదివారం పాట క్లాసుకు ముందు ఒక గంట తెలుగు క్లాసు. వేరుగా కాదు, అదే పిల్లలకు, అదే కృతులతో. మొదటి మూడు నెలలు అక్షరాలు, కటపయాది ఆటతో సహా. తరువాత ప్రతి వారం ఒక కృతి: మాట మాట విరిచి, అర్థం చెప్పి, పిల్లల చేతే తెలుగులో రాయించడం. ఆ గదిని అద్దెకు ఇస్తే నెలకు కొంత ఆదాయం వస్తుందని కొందరు సభ్యులు అంటున్నారు. వారి లెక్క తప్పు కాదు. దాని పక్కనే ఈ లెక్క కూడా పెట్టి చూడమని కోరుతున్నాం.

చదువు చెప్పడానికి పండితులు అక్కరలేదు. తెలుగు చదవడం వచ్చిన అవ్వలు, తాతలు వారానికి ఒక్కరు వస్తే చాలు. ఇంట్లో అటక మీద, ట్రంకు పెట్టెల్లో పాత తెలుగు సంగీత పుస్తకాలు, చేతిరాత నోటుబుక్కులు ఉంటే పారేయకండి, పాత కాగితాల వాడికి వేయకండి. హాలుకు తీసుకురండి, ఫొటోలు తీసుకుని తిరిగి ఇస్తాం. బెంగుళూరు, బరంపురం, షోలాపూరు, యానాం సభ్యులు మీ ఊళ్లో పాట క్లాసులు ఎలా నడుస్తున్నాయో రాయండి.

వచ్చే ఆరాధనకు ఆ అమ్మాయే మళ్లీ పాడుతుంది. ఈసారి నోటుబుక్కు తెలుగులో రాసుకుంటానంది. ముందు వరుసలో వాళ్ల అవ్వకు ఒక కుర్చీ వేసి ఉంచుతాం. మిగతా కుర్చీలు మీకు.